నీళ్లకింది మోళ్లు

మా అమ్మకు వల అక్కర్లేదు. మద్రాసు పక్కన ఎన్నూరు ఉప్పుటేట్లో నడుం వంచి గడ్డం దాకా మునిగి, మడ చెట్ల వేళ్ల మధ్య బురదను చేతులతో తడిమి రొయ్యలు పట్టేది. పట్టినవి వేసుకునే తాటాకు బుట్టను పళ్లతో కరచుకునేది. ఇంట్లో నోటికి తాళంలేని మనిషి, నీళ్లలో ఉన్నంతసేపు పలికేది కాదు.

ఆ మడ చెట్లనే మా మేనమామ కొట్టి చూలైలో కట్టెల అడితికి వేసేవాడు. ఆ అడవి మీదే అక్క పొయ్యీ, తమ్ముడి పొయ్యీ వెలిగేవి. గొడవ రాకుండా మావాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు కొట్టినా, పోటు వచ్చినా మోడు నీళ్లపైకి కనబడేంత ఎత్తున కొట్టాలి. చెట్టు మళ్లీ చిగురిస్తుంది, మోడు చూసి ఆడవాళ్ల చేతులు పక్కకు తప్పుకుంటాయి.

తొంభైల్లో అడితివాడు పొడుగు కట్టెలు కావాలన్నాడు. మామ ఆటుకు నీళ్లు తీసినప్పుడు దిగి, బురద మట్టానికి, మోడు మొన తేలేలా ఏటవాలుగా నరకసాగాడు. పోటు వచ్చాక ఏమీ కనిపించేది కాదు. ఏరు అమాయకంగా మెరిసేది. నాకు ఆ మెరుపంటేనే భయం పట్టుకుంది.

అంబత్తూరు కంపెనీలో నాకు ఆదివారం సెలవు. అమ్మ వెంట ఏటికి పోతూ గొడవపడ్డాను.

"మామ అడుగంటా కొడతా ఉండాడు. నువ్వు అడగవా?"

"వాడికీ పిలకాయలు ఉండారు గదే. మెల్లగా చెప్తాలే, సుమ్మా ఉండు, గొడవొద్దు."

మామ మీద ఒళ్లు మండింది. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేని అమ్మ మీద ఇంకా మండింది.

పోటు మొదలైంది. అమ్మతో పాటు ఆడవాళ్లు వరసగా నీళ్లలోకి దిగారు, నేను గట్టున నిలబడ్డాను. కాసేపటికి అమ్మ ఒకచోట ఆగిపోయింది. రొయ్యలు బాగా తగిలాయనుకున్నాను. తల నావైపు తిప్పింది. బుట్ట పళ్లమధ్యే ఉంది, కళ్లు మాత్రం పెద్దవయ్యాయి. భుజం ఒక్కసారి గుంజి, మెల్లగా గట్టుకు వచ్చింది. బుట్ట కింద పెట్టాకే అరిచింది. అరచేయి మోడు మొనకు చీలిపోయి ఉంది.

"అప్పుడే అరవొచ్చు గదమ్మా!" అని ఏడ్చాను.

"అరిస్తే బుట్ట పోతాది గదే."

గట్టున కట్టెలు మోపు కడుతున్న మామ పరుగెత్తుకొచ్చాడు. తలగుడ్డ విప్పి అమ్మ చేతికి చుట్టాడు.

"ఇంకమీట ఎత్తునే కొడతానక్కా. నీమీద ఒట్టు."

"అది సరే. కొట్టినవి యాడేడ ఉండాయిరా?"

మామ ఏటివైపు చూశాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"తెలీదక్కా."

ఆ మాట నీళ్లలో ఉన్నవాళ్లకీ వినబడింది. మా పిన్ని, పక్కింటి అవ్వ, అందరూ ఉన్నచోటే నిలిచిపోయారు. ఎటు అడుగు వెయ్యాలో, చెయ్యి ఎక్కడ ఆనించాలో ఎవరికీ తెలియదు. ఒక్కరూ బుట్ట వదల్లేదు, ఒక్కరూ నోరు తెరవలేదు. పోటు ఇంకా ఎక్కుతోంది.