ఆషాఢం గాలికి రెండు పళ్ళచక్రాలు

పెళ్ళయిన రెండు నెలలకే ఆషాఢం వచ్చిపడింది. మా అత్త ఉరవకొండ నుంచి వచ్చి నా భార్యను పుట్టింటికి తీసుకుపోయింది. కొత్త కోడలు ఆ నెల అత్తగారింట్లో ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. ఈ నియమం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నాకూ వర్తిస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. బస్సెక్కేముందు ఆమె వెనక్కి తిరిగి ఒక నవ్వు నవ్వింది. దానితో నెలంతా గడుపుకోవాలి. మూడో రోజుకే అది అయిపోయింది.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. నేను అనంతపురంలో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. నాకొక సైకిలు ఉండేది. పెళ్ళికి ముందు దాని మీద హంపికి పోయి వచ్చాను, లేపాక్షికి పోయి వచ్చాను, కనిపించిన వాళ్ళందరికీ ఆ కథలు చెప్పి వచ్చాను. నా భార్య మాకు దూరపు మేనత్త కూతురే. అయినా పద్ధతి ప్రకారం పెళ్ళిచూపులు పెట్టారు. ఆ రోజు కూడా నేను తుంగభద్ర దగ్గర పంచరు వేసుకున్న సంగతే చెబుతున్నాను. ఆమె కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి, "బావా, నువ్వు నన్ను చూసేకి వచ్చినావా, సైకిలు గురించి చెప్పేకి వచ్చినావా?" అంది. ఆ క్షణంలోనే నేను పడిపోయాను.

ఉరవకొండకు బస్సులు బాగానే ఉండేవి. కానీ ఆ దారిలో తిరిగే కండక్టరు మా వీధిలోనే కాపురం. నేను టికెట్టు తీసుకుంటే సాయంత్రానికల్లా మా అమ్మకు తెలిసిపోతుంది. అందుకని ఒక ఆదివారం తెల్లవారగానే సైకిలు తీశాను. కొత్త ప్యాంటు, ఇస్త్రీ చొక్కా, జేబులో దువ్వెన.

ఊరు దాటేవరకు అంతా బాగుంది. ఊరు దాటాక ఆషాఢం గాలి ఎదురొచ్చింది. మా సీమలో ఆ నెల గాలి పడమటి నుంచి వస్తుంది. అడ్డానికి చెట్టు లేదు, గట్టు లేదు. దున్ని పెట్టిన ఎర్రచేల మీదుగా దుమ్మునంతా ఎత్తుకుని నేరుగా ముఖం మీదికి వస్తుంది. నేను పోవాల్సింది కూడా పడమటికే. కూర్చుని తొక్కాను, నిలబడి తొక్కాను, తల హేండిలు మీద పెట్టి తొక్కాను. కూడేరు దగ్గరికి వచ్చేసరికి ఒక ఎద్దుల బండి నన్ను దాటుకుని పోతోంది. బండి మీద తలపాగా ఆయన ఎద్దుల్ని నిలబెట్టి నన్ను చూశాడు.

"ఏమప్పా, పంచరైందా?"

"లేదన్నా."

"మరి ఏమిటికి నిలబడినావు?"

"నిలబడలేదన్నా. పోతాండా."

ఆయన వంగి నా చక్రాన్ని చూశాడు. అది నిజంగానే తిరుగుతోంది. "పోతాండాడంటప్పా!" అని ఎద్దులకు చెప్పి, నవ్వుకుంటూ బండి తోలుకుపోయాడు.

అక్కడ నాకు పౌరుషం పోయింది. సైకిలు వెనక్కి తిప్పాను. తిప్పీ తిప్పగానే గాలి వీపు మీద చెయ్యి పెట్టి నెట్టినట్టు నెట్టింది. ఊరిదాకా సరిగా తొక్కింది కూడా లేదు. అంత ఓటమిలోనూ ఆ వేగానికి నాకు నవ్వాగలేదు.

నేరుగా టవర్ క్లాక్ దగ్గర నా స్నేహితుడి సైకిలు షాపుకు పోయాను. మేమిద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళం. చదువు అయ్యాక నేను బడికి పోయాను, అతను వాళ్ళ నాయన నడిపిన షాపులో కూర్చున్నాడు. వాళ్ళ పండుగకు వాళ్ళింట్లో సేమ్యా పాయసం నాకు, మా పండుగకు మా ఇంట్లో ఓళిగలు, అదే బొబ్బట్లు, అతనికి. నన్ను ఎగతాళి చేయడానికి అతనికి పూర్తి హక్కులుండేవి.

"దుమ్ములో పొర్లిన గాడిద మాదిరి ఉండావు. యాడికి పోయినావు?"

చెప్పాను. అతను చేతిలో పంపు కింద పడేసి, స్టూలు మీద కూర్చుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నవ్వడం అయ్యాక సీరియస్‌గా, "గడప తొక్కగూడదు గదప్పా, పోయి ఏం చేస్తావు?" అన్నాడు.

"చూస్తా."

"చూసి?"

"వస్తా."

కింద పడేసిన పంపు తీసి పక్కన పెట్టాడు. అతనికీ పెళ్ళై సంవత్సరమే.

అప్పుడు నేను లేపాక్షిలో చూసిన ఒక దొర సైకిలు గురించి చెప్పాను. దాని వెనక చక్రానికి ఒకటి కాదు, అయిదు పళ్ళచక్రాలు చిన్నాపెద్దా వరసగా ఉన్నాయి. చిన్న పిడి తిప్పితే చైను ఒకదాని మీది నుంచి ఇంకొకదాని మీదికి దూకేది. పెద్ద చక్రం మీద ఉంటే మిట్ట ఎక్కడం సులువు, చిన్నదాని మీద ఉంటే పల్లంలో వేగం. స్నేహితుడు గడ్డం గోక్కున్నాడు. "అట్లాటిది మన ఊర్లో యాడ దొరుకుతాది? కానీ పెద్ద చక్రమైతే ఉండాది" అని డబ్బాలో నుంచి రిక్షా వెనక చక్రానికి వేసే పళ్ళచక్రం, ఫ్రీవీలు, తీశాడు. మామూలు సైకిలు ఫ్రీవీలు కంటే దానికి పళ్ళు ఎక్కువ. మనుషుల్ని ఎక్కించుకుని లాగాలి గదా.

అరగంటలో బిగించేశాడు. చైను చాలలేదు, రెండు లింకులు అతికాడు. నేను ఎక్కి రోడ్డు మీద తొక్కాను. పెడళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి, కాళ్ళు కనపడటం లేదు, సైకిలు మాత్రం పెళ్ళి ఊరేగింపులా కదులుతోంది. కూరగాయల గంప ఎత్తుకున్న ఒక పెద్దమ్మ నన్ను దాటిపోతూ, "బిరీన పోవాలంటే దిగి నడువు నాయనా" అని సలహా ఇచ్చింది. షాపు ముందు స్నేహితుడు గోడ పట్టుకుని నిలబడ్డాడు. నవ్వుతో నిలబడలేకపోతున్నాడు.

పోయేటప్పుడు ఇది సరే, వచ్చేటప్పుడు గాలి వెనక ఉంటుంది, అప్పుడు ఈ చక్రంతో పిచ్చివాడిలా కాళ్ళు తిప్పాలి. నాకు రెండూ కావాలి. "రెండూ కలిపి అతికిస్తే?" అన్నాను. చైను మార్చే పిడి లేకపోతే చేత్తోనే మార్చుకుంటాను, వెనక చక్రం నట్లు వదులు చేసి ముందుకో వెనక్కో జరిపితే చైను బిగువు సరిపోతుంది. అతను ముందు వద్దన్నాడు. తరువాత విప్పిన పాత ఫ్రీవీలు తీసి కొత్తదాని పక్కన పెట్టి చూశాడు. ఆ తరువాత షాపు తలుపు సగం మూసి, "రేపు బడి అయినాక రా" అన్నాడు. అతనికీ పిచ్చి పట్టిందని అప్పుడు అర్థమైంది.

రిక్షా ఫ్రీవీలు నుంచి పళ్ళ చుట్టు మాత్రం కోయించి, మామూలు ఫ్రీవీలుకు లోపలి వైపు వెల్డింగుతో అతికించాలి. వేడికి లోపలి భాగాలు పాడవుతాయని ముందు ఫ్రీవీలు విప్పాలి. విప్పడం నా వంతు. మూత తిప్పగానే ఆవగింజలంత ఇనుప గుండ్లు జలజలా షాపు బయటికి దొర్లాయి. పక్క ఇంటి కోళ్ళు ఎక్కడ చూశాయో, రెక్కలు కొట్టుకుంటూ వచ్చి టకటకా ఏరుకోవడం మొదలుపెట్టాయి.

"కొట్టప్పా వాటిని!" అని అతను అరుస్తున్నాడు. నేను డ్రిల్లు మాస్టర్ని, జేబులో ఈల ఉంది. ఊదాను. కోళ్ళు లెక్క చేయలేదు, రోడ్డు మీద పోయే ఇద్దరు మాత్రం ఉలిక్కిపడి ఆగిపోయారు. పక్కింటావిడ బయటికి వచ్చి, "నా కోళ్ళకి ఇనుము తినిపిస్తాండారా!" అని మా ఇద్దర్నీ కలిపి తిట్టింది. మిగిలిన గుండ్లు దుమ్ములో వెతికి ఏరాం. తగ్గినవాటికి వేరేవి వేశాం. కోళ్ళకు ఏమీ కాలేదు.

అతికించడానికి లారీలు బాగుచేసే చోటికి పోయాం. మొదటిసారి వేడికి చుట్టు వంగిపోయి, చైను తాగినవాడిలా అటూ ఇటూ ఊగింది. రెండోసారి ఒకచోట చుక్క పెట్టి, చల్లారనిచ్చి, ఎదురుగా ఇంకో చుక్క పెట్టి, అట్లా నిదానంగా అతికించాం. స్నేహితుడు సైకిలు తలకిందులుగా నిలబెట్టి పెడలు తిప్పాడు. చైను పెద్ద చక్రం మీద నున్నగా తిరిగింది. నట్లు వదులు చేసి, చిన్నదాని మీదికి మార్చి తిప్పాడు. దాని మీదా తిరిగింది. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. అతను నన్ను పట్టుకుని ఎగిరాడు. ఇద్దరం మసి చేతులతో, పెళ్ళైన మగవాళ్ళం, ఆ లారీల మధ్య గంతులేశాం.

గాలికి తల దాచుకోవడానికి హేండిలు కిందికి దించి సీటు పైకి లేపాడు. చైను మార్చుకోవడానికి అడ్డమని చైను కవరు పీకేశాడు. బరువని మడ్‌గార్డులు కూడా తీసేశాడు. అన్నీ పోయాక నా సైకిలు గొరిగిన గొర్రెలా కనిపించింది. నాకు మాత్రం అంత అందమైన సైకిలు లోకంలో ఇంకొకటి లేదనిపించింది.

మరుసటి ఆదివారం చైను పెద్ద చక్రం మీద వేసుకుని బయలుదేరాను. గాలి అదే గాలి. కానీ ఈసారి నేను ఆగలేదు. నిదానంగానే, కాళ్ళు గిరగిరా తిప్పుతూ, తల వంచుకుని పోతూనే ఉన్నాను. కూడేరు దాటాను. కూడేరు దాటానని గట్టిగా అరిచాను, వినడానికి గాలి తప్ప ఎవరూ లేరు. ఉరవకొండ కొండ కనిపించినప్పుడు ఈల తీసి ఊదాను.

అత్తగారి ఇంటి ముందు దిగేసరికి నా తల, మీసం, కనుబొమ్మలు అన్నీ ఎర్రమట్టి. కొత్త ప్యాంటు కుడికాలు మోకాలిదాకా చైను నూనె. అత్త వాకిట్లో వేరుశనగ విత్తనాలు ఏరుతోంది. నన్ను చూసి, ఎవరో బిచ్చగాడనుకుని, "చెయ్యి ఖాళీ లేదప్పా, ముందుకు పో" అంది.

"నేనే అత్తా."

ఆమె చేట వదిలేసింది. ఒక్క ఉరుకున పోయి గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది. "ఆడ్నే ఉండు! గడప తొక్కొద్దు! ఒరే, నీకేం పోయేకాలం వచ్చిందిరా! ఆషాఢంలో, ఈ గాలిలో, సైకిలు మీదనా!"

"గడప తొక్కను అత్తా. అరుగు మీద కూర్చుంటా. అరుగు గడపకు బయటే గదా."

ఆమె అరుగును చూసింది, గడపను చూసింది. నియమంలో అరుగు సంగతి ఎవరూ చెప్పలేదు. అంతలో ఆమె చేతి కింద నుంచి నా భార్య తల బయటికి వచ్చింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "అమ్మా, ఇది బావ కాదు, ఇటుక" అంది. అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కిందికి జారి కూర్చుండిపోయింది, అంత నవ్వు. ఆమెను చూసి నేను, మా ఇద్దర్నీ చూసి చివరికి అత్త కూడా.

అరుగు మీదే స్నానానికి నీళ్ళు, అరుగు మీదే సంగటి, ఊరుమిండి పచ్చడి, నెయ్యి. నా భార్య గడప లోపల కూర్చుని, నేను బయట కూర్చుని, గడప మీదుగా మాట్లాడుకున్నాం. అత్త మధ్యలో వచ్చి నా కాళ్ళు ఎక్కడున్నాయో చూసి పోయేది. కోళ్ళ సంగతి చెప్పినప్పుడు నా భార్య, "ఆ సైకిలు చూపీ" అని బయటికి వచ్చింది. నేను నట్లు వదులు చేసి చైను చిన్న చక్రం మీదికి మార్చి చూపించాను. ఆమె పెద్ద చక్రాన్ని వేలితో తడిమి, "ఇది నాకోసరం చేయించినావా?" అని అడిగింది. ఎగతాళి లేదు ఆ గొంతులో. తల ఊపాను.

తిరిగి వచ్చేటప్పుడు ఊరి చివరిదాకా వస్తానని క్యారియర్ మీద కూర్చుంది. గాలి వెనక నుంచి పట్టుకుంది. ఊరి చివర వచ్చింది, పోయింది. ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం. కొంత దూరం పోయాక ఆమె, "బావా, నీ కాళ్ళు ఊరికే తిరుగుతాండాయే" అంది. వంగి చూస్తే చైను ఊడి వేలాడుతోంది. ఎప్పుడు ఊడిందో ఇద్దరికీ తెలియదు. గాలే మమ్మల్ని మోసుకొచ్చింది. రోడ్డు పక్కన కూర్చుని కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం. తరువాత చైను పెద్ద చక్రం మీద వేసి, ఆమెను ఎక్కించుకుని, ఆ గాలికి ఎదురు తొక్కుకుంటూ ఇంటి దగ్గర దింపి, మళ్ళీ బయలుదేరాను. అత్త కోపంగా ఒక మూట తెచ్చి క్యారియర్‌కు కట్టింది.

ఇంటికి వచ్చాక ఆ మూట సంగతి మరిచిపోయాను. మా అమ్మే విప్పింది. ఓళిగలు. ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. ఆ ఏలక్కాయల పాళ్ళు ఎవరివో ఆమెకు తెలియకుండా ఉంటుందా?

"గడప తొక్కినావా?"

"లేదమ్మా. అరుగే."

అమ్మ ఇంకో ముక్క తుంచుకుంది. నేను సైకిలు తాళం పట్టుకుని నేరస్తుడిలా నిలబడ్డాను.

"వచ్చే ఆదివారం పోయేటప్పుడు ముందే చెప్పి సావు" అంది చివరికి. "ఉత్త చేతుల్తో పోతే ఆ యమ్మ నన్ను ఏమనుకుంటాది? చక్కిలాలు చేసిస్తా."