రేంజరుగారి కుర్చీ

ఫిల్మ్ నగర్‌లో దెయ్యాల సినిమాలు తీసినవాళ్ళు చాలామంది ఉన్నారు. కెమెరా లేకుండా, లైట్లు లేకుండా, మేకప్ కూడా లేకుండా ఒక ఇంటిల్లిపాదినీ మూడు రోజులు హడలగొట్టినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ లెక్కలో నన్నూ కలుపుకోండి. అందరికంటే ఎక్కువ వణికింది నేనే.

తొంభైల మొదట్లో మాట. మోతీనగర్‌లో ఇల్లు, కృష్ణానగర్‌లో తిరుగుడు, ఫిల్మ్ నగర్‌లో ఉద్యోగం. ఉద్యోగమంటే కంటిన్యుటీ చూసే అసిస్టెంటు. హీరో ఒక షాటులో ఎడమచేత్తో గ్లాసు పట్టుకుంటే, తరువాతి షాటులోనూ అది ఎడమచేతిలోనే ఉండేలా చూడటం నా పని. ఆర్నెల్లు ఈ పని చేస్తే మనుషులు కనిపించరు, వస్తువులే కనిపిస్తాయి. అంతకుముందు సినిమాలో హీరోయిన్ ఏడుస్తూ ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళేసరికి గాజుల రంగు మారిపోయింది. హాల్లో జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వును మా డైరెక్టరుగారు మరిచిపోలేదు.

ఒకరోజు ఆయన నా చేతిలో ఒక ఫోటో పెట్టారు. అరకు కొండల్లో ఒక కుటుంబం నడుపుకునే గెస్ట్‌హౌస్, దాని ముందుగది. షూటింగుకి ఇస్తామని ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు. మా కెమెరామన్ కిందటేడు అక్కడ దిగినప్పుడు తీశాడట. కిటికీ దగ్గర పడక కుర్చీ, దానికి ఆనించిన చేతికర్ర, స్టూలు మీద కళ్ళజోడు, గోడకు క్యాలెండరు.

"నువ్వు ముందెళ్ళు. నాలుగో రోజు నేను యూనిట్‌తో దిగేసరికి గది అచ్చం ఇలాగే ఉండాలి. ఈసారి తేడా వచ్చిందా, ఇక ఫిల్మ్ నగర్ కొండెక్కకు" అన్నారు.

"ఇంటోళ్ళు ఏమన్నా అంటే సార్?"

"సామాను కదుపుతున్నామంటే ఏ ఇంటివాళ్ళైనా బెదురుతారు. గుట్టుగా కానియ్యి."

గుట్టుగానే కానిచ్చాను. కొంప మునిగింది అక్కడే.

ఆ ఇల్లు కొండ అంచున ఉంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి మంచు పైకి పాకి వచ్చి, ముందు లోయను, తరువాత చెట్లను, ఆఖరికి వాకిట్లో తులసికోటను కూడా మింగేసేది. ఇక కిటికీ అవతల ఏమీ ఉండేది కాదు. నడిపేది సన్యాసిరావుగారు, ఆయన భార్య పార్వతమ్మ. ఆయన తల్లిని అందరూ మామ్మగారనేవారు. అతిథిని నేనొక్కణ్ణే.

ముందుగదిలో కుర్చీ లేదు. క్యాలెండరు ఉండాల్సిన చోట దండ వేసిన ఒక పెద్దాయన ఫోటో ఉంది. ఆయనెవరని మీరైతే అడిగేవారు. నేను అడగలేదు. డైరెక్టరుగారి ఫోటోలో ఆయన లేరు కదా!

మొదటిరోజు అందరూ పెరట్లో ఉండగా సామాన్ల గదిలో వెతికాను. దుప్పటి కప్పిన పడక కుర్చీ దొరికింది. మోసుకొచ్చి కిటికీ దగ్గర వేసి, నాలో నేనే మెచ్చుకుని, స్నానానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కుర్చీ లేదు. వెళ్ళి చూస్తే మళ్ళీ సామాన్ల గదిలోనే, దుప్పటి కప్పుకుని, గోడవైపు తిరిగి ఉంది.

వంటింట్లోంచి సన్యాసిరావుగారి గొంతు వినిపించింది. "ఆ హైదరాబాదు బాబుకి తెలియనివ్వకు. బయటికి పొక్కిందంటే మనింటికి ఇక ఎవరూ రారు."

"ఈ ఇంట్ల ఏందో ఉన్నది" అనుకున్నాను. అయినా ఉద్యోగం ఉద్యోగమే. రెండోరోజు వణుకుతూనే కుర్చీ మళ్ళీ వేశాను. అదే గదిలో చేతికర్ర, కళ్ళజోడు దొరికితే వాటినీ ఫోటోలో ఉన్నట్టే సర్దాను. మూడింటికి మంచు కమ్మాక తొంగిచూశాను. ఈసారి కుర్చీ కదల్లేదు. కానీ స్టూలు మీద పొగలు కక్కుతూ గ్లాసెడు కాఫీ ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

అతిథికి మర్యాద చేశారు కాబోలని గడగడా తాగేశాను. చక్కెర లేదు, చేదు విషం. గ్లాసు పెట్టి నాలుగడుగులు వేశానో లేదో, తలుపు వెనకనుంచి సన్నటి గొంతు వినిపించింది. "తాగారు!"

గదిలోకి పరుగెత్తి గడియ పెట్టుకున్నాను. మూడోరోజు చేసిన ఘనకార్యం చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. క్యాలెండరు మిగిలిపోయింది కదా? దండవేసిన పెద్దాయన్ని గోడమీంచి దించి, సామాన్ల గదిలో పెట్టి, ఆ మేకుకు వంటింటి క్యాలెండరు తగిలించాను. మంచు కమ్మింది. మళ్ళీ కాఫీ వచ్చింది. ధైర్యం కోసం అదే తాగుతున్నాను. ఇంతలో కిటికీ అవతలి తెల్లటి మంచులోంచి మాటలు.

"దండ తీసేసుకున్నారా? మీకు మొదటినుంచీ పూలు గిట్టవుగా. ఇంకా నామీద కోపమేనా? ఒక్క మాటైనా మాట్లాడరా?"

నేను ఎందుకు మాట్లాడతాను? నోరు పెగిలితే కదా! మర్నాడు డైరెక్టరుగారు వచ్చేదాకా మంచం దిగలేదు.

జీపు ఆగగానే సన్యాసిరావుగారు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు. "క్షమించండి, షూటింగు వద్దండి. మా నాన్నగారికి ఇష్టం లేదు."

"ఆయన్ని పిలవండి, నేను మాట్లాడతాను."

"ఆయన పోయి ఎనిమిది నెలలైందండి. కానీ మూడు రోజులుగా ఇంట్లోనే ఉన్నారు. ఫారెస్టు రేంజరుగా చేసినన్నాళ్ళూ ఆయన మాటంటే మాటే. నేను లోపల పెట్టేసినా ఆయన కుర్చీ ఆయనే వేసుకుంటున్నారు. నిన్న దండేసిన ఫోటో కూడా తీయించేసుకున్నారు."

డైరెక్టరుగారు నావైపు చూశారు. నేను చేతిలో ఫోటో చూసుకున్నాను. అది కిందటేడుది. అప్పటికి ఆ కుర్చీలో కూర్చునే మనిషి బతికే ఉన్నాడు! నోరు మూసుకుంటే షూటింగు పోతుంది, తెరిస్తే ఉద్యోగం పోతుంది. మామ్మగారు గుమ్మం దగ్గర కొత్త కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ గ్లాసు చూశాక ఆగలేకపోయాను.

"మామ్మా, కుర్చీ ఏసింది నేనే. గోడమీది ఫోటో దించింది నేనే. మాఫ్ చెయ్యి" అన్నాను.

మామ్మగారు గ్లాసు కింద పెట్టి నా దగ్గరికి వచ్చారు.

"కాఫీ తాగింది కూడా నువ్వేనా నాయనా?"

"నేనే. నాకోసం పెట్టిన్రనుకున్న. చక్కెర లేకున్నా తాగిన."

"అదా సంగతి!" అన్నారామె. "సుగరొచ్చాక చక్కెర మానమంటే రోజూ నాతో యుద్ధమే. ఆఖరిరోజు కూడా అలిగి గ్లాసు తోసేశారు. పోయాకైనా నా మాట విన్నారని ఈ రెండు రోజులూ ఎంత సంతోషపడ్డానో!" నవ్వబోయి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

తరువాత కొడుకువైపు తిరిగి, "తీసుకోనీరా సినిమా. ఈ అబ్బాయి తన చేత్తో ఫోటో మళ్ళీ తగిలించి దండెయ్యాలి. ఆ కుర్చీ మాత్రం ఇక సామాన్ల గదిలోకి వెళ్ళకూడదు. ఉన్నచోటే ఉండనీ" అన్నారు.

బతికిపోయాననుకున్నాను. డైరెక్టరుగారు లోపలికి వచ్చి, రెండు చేతులూ చట్రంలా పట్టి, ఒక కన్ను మూసి గదంతా చూశారు.

"అంతా బాగుంది గానీ, కిటికీకి అడ్డంగా ఆ కుర్చీ ఏంటయ్యా? తీసెయ్!"

కుర్చీ అక్కడే ఉంది. కెమెరానే పక్కకి జరిపారు. షూటింగు జరిగిన వారం రోజులూ మామ్మగారు పెట్టిన చక్కెరలేని కాఫీ చుక్క మిగల్చకుండా తాగాను. ఆ కుర్చీ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: బతికున్నంతకాలం ఇంకొకరింట్లో కుర్చీ కదపను, గోడమీద పెద్దాయన కనిపిస్తే ముందు ఆయనెవరో అడిగి నమస్కారం పెట్టి, ఆ తరువాతే కూర్చుంటాను. అందాకా నిలబడే ఉండాల్సి వచ్చినా సరే.