వంగిన హెడ్డు

ట్రాక్టరుకి తాడు కట్టి కొండన్న తన జీపును లాక్కొచ్చేసరికి సాల్మన్‌రాజు షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. కొండన్న గుండు చూసి గ్లాసు కింద పెట్టి లేచాడు. కృష్ణదేవిపేటలో అతని తండ్రి సోములు పోయాడని తెలుసు. ఎలా పోయాడో అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

"దినం అయిపోయిందా?"

"నిన్ననే అయిపోనాది మేస్త్రిగారూ. ఆ రోజు పొద్దున్నే గుండెల్లో నొప్పన్నాడు. ఈ బండిలోనే ఏసుకొచ్చినాను. గొలుగొండ దాటినాక తెల్లగా పొగ ఒదిలీసి ఆగిపోనాది. ఆటో దొరికేతలికి ముప్పావుగంట. ఆస్పత్రి గేటు కాడ పోనాడు."

ఆ గొంతులో నిందేమీ లేదు. నీళ్ళు పోసి చూశాననీ, కాసేపు చల్లారనిచ్చి మళ్ళీ స్టార్టు కొట్టి చూశాననీ చెప్పాడు. "బండి తిరక్కపోతే ఇల్లు గడవదు. కూసింత బేగి సూడండి" అని ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాడు.

ఆ జీపుకి హెడ్ గాస్కెట్ వేసింది సాల్మన్‌రాజే. ఇంకా నలభై రోజులు కాలేదు.

అతనికి అరవై ఒకటి. తండ్రి జీవానందం మిషన్ వాళ్ళ జీపు డ్రైవరు. ఆ జీపు కింద దూరి నేర్చుకున్న పనే అతనికి కూడు పెట్టింది. చింతపల్లి రోడ్డులో షెడ్డు వేసి ముప్ఫై నాలుగేళ్ళయింది. ఘాట్ రోడ్డెక్కే బళ్ళకి ఇంజన్ వేడెక్కడం, ఇంజన్ పైమూత లాంటి హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య ఉండే పల్చటి గాస్కెట్ పోవడం మామూలే. అలాంటి పని వస్తే ఊళ్ళో మిగతా మెకానిక్కులు కూడా "సాల్మన్‌రాజు గారి కాడికి తీసుకుపోండి" అనేవారు. ఆ మాట అతనికి చాలా ఇష్టం.

రెండేళ్ళుగా కళ్ళకి పొర కమ్ముతోంది. నట్లని వేళ్ళతో తడిమి సైజు చెప్పగలడు కాబట్టి ఎవరికీ తెలియలేదు. భార్య రత్నమణికి మాత్రం తెలిసింది. చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్న రోజున ఆమె ఇంటికొచ్చాక అడిగింది.

"శుక్లాలేమో, సూపించుకోండి. నేను కూడా వొస్తాను."

"వానాకాలం పోనీ రత్నం" అన్నాడు. ఆ తర్వాత చలికాలం పోనీ అన్నాడు. కళ్ళు కనపడని మేస్త్రికి ఇంజన్ ఎవరిస్తారన్నది అతని భయం. ఆ భయం భార్యతో కూడా అనలేదు.

ఇప్పుడు బానెట్ ఎత్తాడు. తప్పు ఇంకెక్కడైనా ఉంటే బాగుణ్ణనిపించింది. రేడియేటరు పగిలిందేమోనని కిందినుంచి పైదాకా తడిమాడు. పగల్లేదు. ఫ్యాన్ బెల్టు బిగువుగానే ఉంది. వాటర్ పంపు బేరింగు వదులు కాలేదు. వేడెక్కితే నీళ్ళకి దారి వదిలే థర్మోస్టాట్ విప్పి వేడినీళ్ళలో వేస్తే చక్కగా తెరుచుకుంది. అది మూసుకుపోయి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాడు. ఆయిల్ పుల్ల లాగి వేలితో రాసుకుంటే పాలు కలిపిన టీలా ఉంది. నీళ్ళు ఆయిల్లోకి దిగాయి. రేడియేటరు నింపి, మూత తీసి స్టార్టు చేస్తే నీళ్ళలోంచి బుడగలు ఎగదన్నాయి. మూత బిగిస్తే గొట్టం క్షణంలో రాయిలా బిగుసుకుంది. వెంటనే ఆపేశాడు. పోయింది గాస్కెట్టే, ఇక చూడాల్సింది ఏమీ లేదు.

మర్నాడు హెడ్డు విప్పాడు. కొన్ని నట్లు రెంచికి ఒళ్ళంతా బరువేస్తే గానీ రాలేదు. మధ్యలో రెండు మాత్రం చిన్న ఊపుకే తిరిగిపోయాయి. బిగింపు చూపించే రెంచి మీది అంకెలు కనపడక పోయినసారి చేతి అంచనాతో బిగించేశాడు. ఆ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలీదు. గాస్కెట్ రెండో సిలిండరుకీ మూడోదానికీ మధ్య కాలిపోయి ఉంది. పోయినసారి పాతది పోయింది కూడా సరిగ్గా అక్కడే.

హెడ్డుని ఆటోలో వేసుకుని చిట్టిరాజు లేతు షాపుకి వెళ్ళాడు. చిట్టిరాజు దాన్ని బోర్లించి, స్టీలు బద్ద ఆనించి, వెలుగుకెత్తి చూశాడు.

"ఇదేటి మేస్త్రిగారూ, ఇంత వొంగిపోనాదేటి? బద్ద కింద నుంచి వెలుగు వొచ్చేత్తంది. పోయినసారి బిగించినప్పుడు సూసుకోనేదా?"

సాల్మన్‌రాజు కూడా వంగి చూశాడు. అతనికి బద్దా హెడ్డూ ఒకటిగా అతుక్కుపోయినట్టే ఉన్నాయి. పోయినసారీ ఇలాగే చూసి, సందు లేదనుకుని, లేతుకి పంపనవసరం లేదని బిగించేశాడు.

"నాకు కనపడ్డం నేదురా చిట్టీ" అన్నాడు. ఆ మాట బయటి మనిషితో అనడం అదే మొదటిసారి.

చిట్టిరాజు బద్ద తీసి పక్కన పెట్టాడు. మిషను ఆన్ చేశాడు.

ఆ సాయంత్రం బండి ఎంతవరకూ వచ్చిందో కనుక్కోడానికి కొండన్న వచ్చాడు. సాల్మన్‌రాజు స్టూలు అతనివైపు జరిపి, తను నిలబడే చెప్పాడు.

"కొండన్నా, తప్పు బండిది కాదు, నీది కాదు. హెడ్డు వొంగిపోయుంది. నేను సూసుకోలేదు. నా కళ్ళు పోయి రెండేళ్ళయింది. ఎవరికీ సెప్పకుండా పని సేసుకొస్తన్నాను."

కొండన్న విప్పిన ఇంజన్ వైపు తిరిగాడు. అటే చూస్తూ అన్నాడు.

"డాక్టరుగారు, బేగి తెచ్చినా కష్టమేనన్నారు. మా యమ్మకీ అదే సెప్పినాను. అదే పట్టుకుని ఉన్నాం మేవంతా. ఇప్పుడు మీరు ఇలాగంటే నేనేటి సేయాల?"

సాల్మన్‌రాజు, చెబితే తన గుండె బరువు తగ్గుతుందనుకున్నాడే గానీ, అది ఎవరి మీదకి వెళ్ళి పడుతుందో అనుకోలేదు.

"మా యమ్మ కాడ మాత్రం ఈ మాట అనకండి" అని కొండన్న లేచాడు. "బండి మీరే సేసీండి. ఇప్పి పడీసిన బండిని ఇంకోడు ముట్టడు."

హెడ్డు చదునై వచ్చాక చిట్టిరాజు లేతు మూసేసి షెడ్డుకి వచ్చాడు. కొత్త గాస్కెట్ పరిచి, మధ్య నట్టు నుంచి అంచులకి వరసగా సాల్మన్‌రాజు బిగిస్తుంటే అతను రెంచి మీది అంకె పైకి చదివాడు. మూడు విడతలు అలాగే బిగించారు. ఆయిలు మార్చి, ఇంజన్ వేడెక్కేదాకా నడిపించి చూస్తే పొగ లేదు, బుడగల్లేవు. పని బాగా కుదిరింది. ఇలా కుదిరిన పనికి సాల్మన్‌రాజు సంతోషించకపోవడం ముప్ఫై నాలుగేళ్ళలో అదే మొదలు.

కొండన్న వచ్చి తాళం తీసుకున్నాడు. వస్తానని చెప్పలేదు.

ఆ నెలలోనే రత్నమణి దగ్గరుండి ఒక కంటికి ఆపరేషన్ చేయించింది. కట్టు విప్పాక ఆమె ముఖం మీది ముడతలు కూడా స్పష్టంగా కనిపించాయి. జరిగిందంతా అప్పుడు చెప్పాడు. ఆమె విని, చుక్కల మందు వేసి, "ఒక్కరూ మోసారా ఇన్నాళ్ళూ" అంది. సీసా మూత పెడుతూ, "సోములు గారి పేరు ప్రార్థనలో సెప్పిద్దామా?" అని అడిగింది. వద్దన్నాడు.

ఇప్పుడు అతను బ్రేకులు సరిచేస్తాడు, గ్రీజు పెడతాడు, ఆయిలు మారుస్తాడు. ఇంజన్ విప్పాల్సిన బండి వస్తే, "ఆ పని మానీసినాను, యలమంచిలి తీసుకుపోండి" అంటాడు. వయసు మీద పడిందని ఊళ్ళోవాళ్ళు అనుకుంటున్నారు. కొండన్న జీపు జనంతో నిండి రోజుకి రెండుసార్లు షెడ్డు ముందు నుంచే ఘాటు వైపు వెళుతుంది. వెనక వేలాడేవాళ్ళలో తెలిసినవాళ్ళు చెయ్యెత్తి పలకరిస్తారు. కొండన్న రోడ్డు మీదనుంచి చూపు తిప్పడు. సాల్మన్‌రాజు కూడా అతను తిప్పాలని కోరుకోవడం లేదు.