హార్బిన్ వాకిట్లో సుబ్బరత్నం ముగ్గు

నరసరావుపేటలో ఉన్నన్నాళ్ళూ సుబ్బరత్నం లెక్కలో ఫారినోళ్ళంటే తెల్లగా, పొడుగ్గా, నిక్కర్లేసుకుని కెమెరాలు మెళ్ళో తగిలించుకుని తిరిగేవాళ్ళు. అందుకే చైనాలో హార్బిన్ విమానాశ్రయంలో దిగాక, విదేశీయుల వరసలోకి హిమజ చెయ్యిపట్టి లాగుతుంటే ఆమె కదల్లేదు.

"అది ఫారినోళ్ళ లైనంట కదే, మనకెందుకు?"

"మనమే పిన్నీ ఆళ్ళం," అంది హిమజ.

యాభై ఏళ్ళ వయసులో తాను ఫారినామె అయిపోయినందుకు సుబ్బరత్నానికి పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగక, పాస్‌పోర్టు చూసే అతని ముందు కూడా కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. అతను ఫొటో వంకా ఆమె వంకా నాలుగైదుసార్లు చూసి, చివరికి తానూ నవ్వేసి ముద్ర కొట్టాడు.

హిమజది శావల్యాపురం. హార్బిన్‌లో వైద్యం చదువుతోంది. ఆమెలాంటి పల్నాడు పిల్లలు ఆమె ఉండే కాలేజీ హాస్టల్లో చానామందే ఉన్నారు. వాళ్ళ కోసం కింది అంతస్తులో మెస్సు పెట్టినాయన శేషగిరిరావు, పిడుగురాళ్లలో కిరాణా కొట్టు నడిపిన మనిషి. ఒక పెళ్ళిలో సుబ్బరత్నం చేసిన గోంగూర పప్పు తిని, చేయి కడుక్కోకుండానే వచ్చి అడిగాడు: చైనా వస్తావా చెల్లెమ్మా అని.

ఆమె ఆలోచించకుండా సరేనంది. ఎందుకన్నదో చెప్పాలి. భర్త పోయి పెద్దకర్మ అయిన మర్నాడు తెల్లారగట్ల ఎప్పట్లాగే ముగ్గు గిన్నె తీసుకుని వాకిట్లోకి వెళ్ళబోతే, అత్త బసవమ్మ ఆ గిన్నె మెల్లగా చేతిలోంచి తీసుకుంది. "ఇంక నీకెందుకే, చిన్న కోడలు ఏస్తదిలే," అంది. అరవలేదు, తిట్టలేదు. ఇలాంటివి మన ఇళ్ళల్లో మెత్తగానే జరుగుతాయి, అందుకే ఎవరికీ ఇదొక దౌర్జన్యమని తోచదు. ఆ తర్వాత ఎవరు ప్రయాణమైనా సుబ్బరత్నం వంటింట్లో నిలబడి, మనిషి వీధి మలుపు తిరిగాకే బయటికొచ్చేది. మొగుణ్ణి పోగొట్టుకున్నది తనే. తన ఎదురు వల్ల నష్టం మాత్రం ఊరందరికీనట.

హార్బిన్‌లో తెల్లారగానే ఆమె చేసిన మొదటి పని హాస్టల్ వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, బియ్యప్పిండితో ముగ్గెయ్యడం. ఎవరూ గిన్నె లాక్కోలేదు. వచ్చేపోయే పిల్లలు 'సూపర్ పిన్నీ' అని తొక్కకుండా దాటుకుపోయారు. పొయ్యి మీద ఇడ్లీలు ఉడుకుతున్నంతసేపూ ఆమె మాటిమాటికీ తలుపు దగ్గరికొచ్చి తన ముగ్గు తానే చూసుకుంది.

తర్వాత చలి వచ్చింది.

మే నెలలో తారు కరిగే రోడ్డు మీద తిరిగిన ఒళ్ళు అది. చలంటే ఆమెకు తెలిసింది ధనుర్మాసంలో దుప్పటి ఇంకొంచెం పైకి లాక్కోవడమే. ఇక్కడ ముక్కులోని వెంట్రుకలు గడ్డకట్టి చురుక్కుమన్నాయి. బయట ఆరేసిన లంగా అట్టలా బిగుసుకుపోతే, తీసుకొచ్చి గోడకి నిలబెట్టి, అది పడకుండా నిలబడిందని పేటకు ఫోన్ చేసి మరీ చెప్పింది. మాచర్ల కుర్రాడు జోయెల్ తలస్నానం చేసి అట్టాగే బయటికెళ్ళి, జుట్టు మేకుల్లా నిక్కబొడుచుకుని తిరిగొచ్చి, "పిన్నీ, ముట్టుకో, ఇరుగుద్దో ఏందో," అని వంటింట్లో తల వంచి నిలబడ్డాడు. లోపల గొట్టాల్లో వేడినీళ్ళు తిరిగి గదంతా ఎండాకాలంలా ఉండేది. పిల్లలు బనీన్లతో అన్నం తిని, ఆ వెంటనే నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు, పైన బొంతలాంటి కోటు తొడుక్కుని ఎలుగుబంట్లలా బయటికి దొర్లేవారు. సుబ్బరత్నం చీర కింద స్వెటర్ ప్యాంటూ, చీర మీద కోటూ, కోతి టోపీ మీద మఫ్లరూ చుట్టేది. వంగితే లేవడం కష్టమయ్యేది. అయినా వంగేది, ముగ్గెయ్యాలి కదా.

కుళాయి నీళ్ళు వేళ్ళను కొరుకుతుంటే కళ్ళాపికి నీళ్ళు కాచుకుంది. చెంబుతో విసిరితే వాకిట్లో పొగలు లేచేవి. ఆ పొగ తగ్గేలోపు ముగ్గు పెట్టేసి లోపలికి పరిగెత్తేది. మర్నాడు చూస్తే పాత ముగ్గు చెక్కుచెదరకుండా అద్దం కింద పెట్టినట్టు ఉంది. సుబ్బరత్నం మురిసిపోయింది. మన ఊళ్ళో పొద్దెక్కేసరికి కోళ్ళు గెలికేస్తాయి, ఈ దేశంలో ముగ్గు చెరగదు అనుకుంది. దాని మీదే మళ్ళీ నీళ్ళు చల్లి మళ్ళీ ముగ్గేసింది. అట్టా రోజూ. వాకిలంతా పొర మీద పొరగా గడ్డకట్టి పలకలా బిగుసుకుపోయింది.

మొదట జారింది జోయెల్. రెండు కాళ్ళూ పైకిలేచి, వీపు మీద గేటు దాకా పోయి ఆగాడు. లేచి దుమ్ము దులుపుకుని, బాగుందని మళ్ళీ వచ్చి కావాలని జారాడు. కాసేపట్లో హాస్టల్ సగం అక్కడే ఉంది. కాబోయే డాక్టర్లందరూ పుస్తకాల సంచీల మీద కూర్చుని, కేకలేస్తూ గేటు దాకా జారి, మళ్ళీ వరసలో నిలబడ్డారు. ఆ సంబరం మధ్యలోకి శేషగిరిరావు కోడిగుడ్ల అట్టలు ఒకదాని మీద ఒకటి పట్టుకుని వచ్చాడు. కాలు జారి కూలబడి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే, గుడ్లు తలపైకెత్తి పట్టుకుని, ఊరేగింపులో దేవుడిలా వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు సాగిపోయాడు. ఒక్క గుడ్డూ పగల్లేదు. లేవబోయినప్పుడు మాత్రం అన్నీ పగిలాయి.

ఆయన వెనకాలే హాస్టల్ చూసుకునే సున్ ఆంటీ వచ్చింది. ఆమే జారి పడింది, తుంటి మీద దెబ్బ తగిలింది. నవ్వులు ఆగిపోయాయి. ఏ పల్లెటూరి నుంచో పనికొచ్చిన మనిషి ఆమె కూడా. పిల్లల్లో ఎవరికైనా కాలు విరిగితే ఆఫీసులో పెద్దవాళ్ళకేం కాదు, పోయేది ఆమె ఉద్యోగమే. గొంతు పెద్దది చేసి చాలాసేపు మాట్లాడింది. సారాంశం హిమజ చెప్పింది: ఇంకోసారి ఈ వాకిట్లో నీళ్ళు పడితే మెస్సు ఎత్తేయాల్సిందే.

సుబ్బరత్నం గునపంలాంటిది సంపాదించి తన ముగ్గులు తానే పగలగొట్టుకుంది. అప్పుడు, కోటు నిండా సొనతో ఉన్న శేషగిరిరావు అసలు సంగతి కక్కాడు.

"నేను ముందే అనుకున్నా చెల్లెమ్మా. మొగుడు పోయినామె వాకిట్లో ముగ్గేస్తే ఇట్టాంటియ్యే జరుగుతయ్. ఇంక ముగ్గు మాట ఎత్తమాక. వంట చూసుకో చాలు."

ఆచారాలు సముద్రం దాటితే పోతాయని మనం అనుకుంటాం. పోవు. ఊరగాయ సీసా పక్కనే సర్దుకుని, బరువు తక్కువని టిక్కెట్టు లేకుండా వచ్చేస్తాయి.

సుబ్బరత్నం గునపం కింద పెట్టింది.

"జారింది నీళ్ళ వల్ల అన్నా. నా మొగుడు పోయినందుకు కాదు. నీళ్ళు మానేస్తా. ముగ్గు మానను. పంపిస్తే పంపించు పేటకి."

పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. శేషగిరిరావు పొద్దున ముగ్గు కనపడితే పంపేసే సంగతి సాయంత్రం మాట్లాడతానని గొణుక్కుంటూ కోటు కడుక్కోవడానికి పోయాడు.

మర్నాడు తలుపు తెరిస్తే వాకిలి లేదు. మెట్లు లేవు. అంతా తెల్లటి మంచు, మెత్తగా, దూది ఏకి పోసినట్టు. పిండి గిన్నె పట్టుకుని నిలబడ్డాక ఆమెకు అర్థమైంది, తెల్లటి మంచు మీద తెల్లటి ముగ్గు ఎవరికి కనపడుతుంది? ఒక గీత గీసి చూసింది. గీసిన తనకే కనపడలేదు. శేషగిరిరావు మాట్లాడే అవసరమే లేకుండా ఆ వాకిలి ఆయన పక్షాన నిలిచింది. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

లోపలికి పోయి తన పెట్టె తెరిచింది. సొంత పొలం మిరపకాయలు దగ్గరుండి ఆడించుకొచ్చిన కారం డబ్బా బయటికి తీసింది.

చేతి తొడుగు వేసుకుంటే కారం వేళ్ళ సందున జారడం లేదు. దాన్ని విప్పి పారేసి, ఒట్టి చేత్తో మంచు మీద చుక్కలు పెట్టింది. ఎర్రగా నిలిచాయి. తామరపూలు, వాటి చుట్టూ తీగ, మధ్యలో పసుపు. వేళ్ళు మొద్దుబారి, ఉన్నాయో పోయాయో తెలియలేదు. కారం మంట ఊసే లేదు. అంతా అయిపోయి వెచ్చటి వంటింట్లోకి రాగానే వేళ్ళకి ప్రాణమొచ్చింది, కారానికీ ప్రాణమొచ్చింది. సుబ్బరత్నం రెండు చేతులూ పెరుగు గిన్నెలో ముంచి వంటింట్లో గిరగిరా తిరిగింది. హిమజ ఆమెను పట్టుకోబోయి, తానూ నవ్వుతో నేల మీద కూలబడింది.

సున్ ఆంటీ తుంటి పట్టుకుంటూ వచ్చి ముగ్గు ముందు ఆగింది. వంగి చూసింది. గాలి వీచింది. వరసగా ఆగకుండా తుమ్మింది. కళ్ళు తుడుచుకుని ఫోన్లో ఏదో మాట్లాడితే, ఆ ఫోను తిరిగి ఇంగ్లీషులో చెప్పింది; హిమజ దాన్ని తెలుగులోకి దించింది. నీళ్ళు లేవు కాబట్టి అభ్యంతరం లేదట. మెట్ల మీద మంచు మాత్రం ఇకనుంచి రోజూ సుబ్బరత్నమే ఎత్తాలట. అని పెద్ద పార తెచ్చి చేతికిచ్చింది. పెరుగు చేతులతోనే సుబ్బరత్నం పార అందుకుంది.

హిమజ తీసిన ముగ్గు వీడియో శావల్యాపురం పోయి, అక్కడి నుంచి మధ్యాహ్నానికల్లా నరసరావుపేట చేరింది. వీడియో కాల్ వచ్చింది. తెర నిండా బసవమ్మ నుదురు, ఒక కన్ను. సుబ్బరత్నం చేతులు కొంగుకి తుడుచుకుని ఫోను అందుకుంది. శేషగిరిరావుకు జవాబు చెప్పడం వేరు. ఆ గిన్నె తీసుకున్న చెయ్యి ఈమెది.

"నువ్వేనా ఏసింది?"

"నేనే అత్తా."

"రోజూ ఏస్తన్నావా?"

"వచ్చిన కాణ్ణుంచీ రోజూ."

ఆ కన్ను తెరకి ఇంకా దగ్గరకొచ్చింది. ఎవరో పక్కన ఏదో అంటుంటే బసవమ్మ వాళ్ళను ఊరుకోమంది.

"ఎడం పక్క పువ్వు కింద చుక్క తప్పింది. తీగ అక్కడే వంకరపోయింది. చూసుకోవా?"

అని పెట్టేసింది. బసవమ్మ మారిపోయిందని కాదు. రేపు పేటకు వెళ్తే గిన్నె ఇస్తుందో లేదో ఎవరికీ తెలియదు. కానీ తప్పు పట్టింది ముగ్గులో, వేసిన మనిషిలో కాదు.

సుబ్బరత్నం కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా బయటికి పరిగెత్తింది. నిజమే, చుక్క తప్పింది. మోకాళ్ళ మీద కూర్చుని చిటికెడు కారం తీస్తుండగా, సరుకుల సంచీలతో శేషగిరిరావు గేటు దగ్గర కనపడ్డాడు. ఆయన నోరు తెరిచేలోపే ఆమె తలెత్తకుండా అంది:

"పక్కన్నించి రా అన్నా, తొక్కేవు."

శేషగిరిరావు సణుక్కుంటూనే దారి తప్పుకుని, మోకాలి లోతు మంచులో ఒక్కో కాలూ పీక్కుంటూ చుట్టూ తిరిగి వచ్చాడు.