పాటల కింద పోయిన మాటలు

మా మామ పోయాడు. అమ్మకు తమ్ముడు. కామారెడ్డిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవాడు. ఆ మధ్యాహ్నం అత్త ఫోన్ చేసి, "బిడ్డా, టీవీల మనుషులు తిరుగుతనే ఉన్నరు, మీ మామ పలుకుతలేడు" అంది. నేను వెళ్లేసరికి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఎదురుగా టీవీలో ఎవరిదో పాత పెళ్లి, తలంబ్రాలు పోసుకుంటున్నారు. డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకు చూసి, మెల్లగా ఒళ్లో పెట్టేశాడు. టీవీ ఆపాలని ఎవరికీ తోచలేదు. మామ పోయాక కూడా ఆ పెళ్లి చాలాసేపు జరిగింది. క్యాసెట్ అయిపోయి తెర నీలంగా మారాక గానీ అత్తకు ఏడుపు రాలేదు.

ఒకప్పుడు ఎల్లారెడ్డిలో ఆయనకు వీడియో దుకాణం ఉండేది. భుజాన పెద్ద కెమెరా పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లు తీసేవాడు. సెల్‌ఫోన్లు వచ్చి ఆ పని తగ్గిపోయాక దుకాణం మూసి కామారెడ్డి వచ్చాడు. ఇంటి ముందు గదిలో పాత క్యాసెట్లను డీవీడీల్లోకి ఎక్కించే పని పెట్టుకున్నాడు. రెండు పాత వీసీఆర్‌లు, ఒక టీవీ, ఒక కంప్యూటర్, అంతే. మూడు గంటల క్యాసెట్ ఎక్కాలంటే మూడు గంటలూ తిరగాల్సిందే. అంతసేపూ ఆయన కదలకుండా చూసేవాడు.

"నువ్వు సూడకున్నా ఎక్కుతది గద మామా" అన్నానొకసారి.

"గంత దూరం నుంచి అచ్చిండ్రు. ఎవరన్న సూడొద్దా?" అన్నాడు.

వచ్చినవాళ్లంటే క్యాసెట్లు తెచ్చిచ్చినవాళ్లు కాదు, తెర మీది మనుషులు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఆయనకు పట్టేవారు కాదు. "వాళ్లను అందరు సూస్తరు. ఎనుక నిలవడ్డోల్లను సూడు" అనేవాడు. ఆదివారాలు నేను పక్కన కూర్చుంటే వేలు చూపించి చెప్పేవాడు: "గీ ఎర్రచీర అవ్వ ఇప్పుడు లేదు. గీ బీడీ తాగేటాయన లేడు. పొయ్యి కాడ నలుగురున్నరా? ఒక్కలు లేరు." చెప్పే గొంతులో ఏ మార్పూ ఉండేది కాదు. నాకు మాత్రం వాళ్లంతా నవ్వుతూ, చెమట తుడుచుకుంటూ ఆ గదిలో తిరుగుతున్నట్టే ఉండేది.

రెండేళ్ల కింద నాగిరెడ్డిపేట వైపు నుంచి ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటుంది. కవర్లో చుట్టిన క్యాసెట్ మామ చేతిలో పెట్టింది.

"మా మరిది పెండ్లి అన్నా. నువ్వే తీసినవట. ఇండ్ల నా పెనిమిటి ఉంటడు. బిడ్డ నా కడుపుల ఉండంగ మస్కట్ పోయిండు. పెట్టెల అచ్చిండు. మొఖం గూడ సూడనియ్యలే. నా బిడ్డకు వాళ్ల నాయిన గొంతు తెల్వదు. గది ఒక్కటి ఇనిపియ్యి."

క్యాసెట్ విప్పితే రీలు నిండా తెల్లటి బూజు. మామ నాలుగు రోజులు కూర్చుని, వేలితో చక్రం తిప్పుకుంటూ, స్పిరిట్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో జానెడు జానెడు తుడిచాడు. ఐదో రోజు ఆమెను పిలిపించి తిప్పాడు. భోజనాల దగ్గర ఆమె భర్త కనిపించాడు. భుజాన తువ్వాల, చేతిలో పప్పుచారు బకెట్. ఇటు తిరిగి నవ్వాడు, పెదవులు కదిలాయి. వినిపించింది మాత్రం సినిమా పాట.

"గా పాట ఆపు అన్నా, ఏందో అంటున్నడు" అందామె.

మామ తల వంచుకున్నాడు. మీలో ఎవరింట్లోనైనా ఆ కాలం పెళ్లి క్యాసెట్ ఉంటే వేసి చూడండి, మాటలుండవు. అప్పట్లో అందరికీ పాటలే కావాలి. అసలు క్యాసెట్‌లోని బొమ్మలను ఇంకో క్యాసెట్‌లోకి దించి, మాటలు తీసేసి, పాటలు ఎక్కించేవాళ్లు.

"పాట ఆపితే ఏం ఉండదు చెల్లె" అన్నాడు మామ. "మాటలు నేనే తీసేసిన."

ఆమె కోపం చేసుకోలేదు. "పోనీ తియ్యి అన్నా, మొఖమన్న సూసిన" అని డీవీడీ కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత మామ అన్నం సరిగా తినలేదు. ఎప్పుడు వెళ్లినా అదే ముక్క వేసుకుని, తెరకు మొహం ఆనించి ఆ పెదవులనే చూస్తుండేవాడు.

"నా దిక్కే సూస్తున్నడు బిడ్డా. నాతోనే అన్నడు. ఏమన్నడో యాదికి లేదు."

ఒక ఆదివారం ఇద్దరం ఎల్లారెడ్డి బస్సెక్కాం. ఆయన పాత దుకాణంలో ఇప్పుడు విత్తనాలు అమ్ముతున్నారు. యజమాని మంచివాడు, సజ్జ మీదికి నిచ్చెన వేసిచ్చాడు. మూలన ఎలుకలు కొరికిన గోనెసంచి దొరికింది. అన్నీ పెళ్లిలో నేరుగా తీసిన అసలు క్యాసెట్లు. అయితే క్యాసెట్ కొత్తది దొరకని రోజుల్లో వాటి మీదే మళ్లీ తీసేవాడు. నాగిరెడ్డిపేట అని రాసి, కొట్టేసి, కింద తాడ్వాయి అని రాసిన క్యాసెట్ పట్టుకుని ఆయన చాలాసేపు లేవలేదు. తాడ్వాయి పెళ్లి చిన్నదైతే దాని వెనక నాగిరెడ్డిపేటది కొంత మిగిలి ఉండాలి. భోజనాలు పెళ్లి తంతు అయ్యాకే తీస్తారు. ఆశ అదే.

ఇంటికి తెచ్చి శుభ్రం చేశాడు, తిప్పి చూడలేదు. "రీలు పొట్టు రాలుతున్నది. ఒక్కసారి తిరుగుతదో ఏమో. ఆ తల్లి లేంది ముట్ట" అన్నాడు.

ఆమె తన కూతుర్ని తీసుకుని వచ్చింది. డీవీడీ రికార్డింగ్ పెట్టి, క్యాసెట్ వేశాడు. ఎవరో తెలియని తాడ్వాయి వాళ్ల పెళ్లిని నలుగురం రెండు గంటలు చూశాం. వధువు ఏడ్చింది, జీపు కదిలింది, తెర నిండా గీతలు గీతలు. మామ వేళ్లు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాయి. గీతలు తగ్గి, విస్తళ్ల చప్పుడు, పిల్లల గోల వినిపించాయి.

ఆమె భర్త బకెట్‌తో వచ్చాడు. చాప మీద కూర్చున్న నిండు గర్భిణి దగ్గర ఆగాడు. "తిన్నవా? కూసో, లేవకు" అన్నాడు. కొంచెం బొంగురు గొంతు. ఇటు తిరిగి నవ్వాడు. "నన్నేం తీస్తవే అన్నా, పెండ్లోల్లను తియ్యి!" కెమెరా వెనక నుంచి మామ గొంతు, ఎంతో పడుచు గొంతు, "నువ్వు గూడ పెండ్లోనివే గద" అంది.

"తిన్న" అందామె గదిలో. చాలా మెల్లగా, తెర వైపు చూస్తూ. కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. మామ లేచి బయటికి వెళ్లి, గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు.

ఆ తర్వాత ఆ గోనెసంచి ఖాళీ చేయడమే ఆయన పని అయింది. ఎవరూ అడగకపోయినా ఒక్కో క్యాసెట్ ఎక్కించి, బస్సుల్లో ఊరూరా వెళ్లి ఆ ఇళ్ల వాళ్లకు ఇచ్చి వచ్చేవాడు. "వాళ్ల మాటలు నా కాడ ఉంటే ఎట్ల బిడ్డా" అనేవాడు. పోయిన రోజు వేసుకున్నది బీబీపేట వాళ్లది.

దినాలు అయ్యాక అత్త అడిగింది: "గిన్ని క్యాసెట్లు తీసిండు గద. ఆయన యాడన్న ఉన్నడా?"

తీసేవాడు కనిపించడు. గొంతు మాత్రం ప్రతి అసలు క్యాసెట్‌లో ఉంది: ఇటు సూడుండ్రి, జరుగుండ్రి, అవ్వా తలెత్తు. సంచిలో మిగిలినవన్నీ వరసగా వేశాను. ఒకదాని చివర, పెళ్లివాళ్లు వెళ్లిపోయాక, కెమెరాను ఏ కుర్చీ మీదో పెట్టి ఆపడం మరిచిపోయాడు. అత్తను పిలిచాను.

ఖాళీ పందిరి. నేల మీద పూలు, తొక్కిన విస్తళ్లు. కాసేపటికి పక్క నుంచి ఒక సన్నటి కుర్రవాడు వచ్చాడు, నల్లటి ఒత్తు జుట్టు, మామే. లైటు వైరును అరచేతికీ మోచేతికీ వేసి చుట్టుకుంటూ నడుస్తున్నాడు. సగం చుట్టి ఆగాడు. తెరలో లేని ఎవరో పిలిచినట్టు అటు తిరిగాడు. గాలికి రంగు కాగితాలు కదులుతున్నాయి. వైరు కొస నేల మీద పడి ఉంది. ఆయన అటే చూస్తూ నిలబడ్డాడు.