పదో నంబరు గరిటె

ఆ బావకి ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు: మామూలు గరిటె. ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి హాయిగా కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకోవచ్చు కదా. చదవడు. ఆ పేపరు నేల మీద పరిచి, దాని మీద ఆకురాయి, రేకులు, స్ప్రింగులు పోసుకుని కూర్చుంటాడు. సాయంత్రానికి సగం గరిటె, సగం పట్టుకారు, మిగిలింది ఏమిటో ఆయనకే తెలియని వస్తువొకటి తయారవుతుంది. దానికో నంబరు వేసి, మర్నాడు మధ్యాహ్నం ఫ్యాక్టరీ క్యాంటీనుకి మోసుకొస్తాడు.

ఆ క్యాంటీను మేనేజరు ఆయన బావమరిదే. కూరల కౌంటరు దగ్గర వడ్డించేది ఆయన భార్య, అంటే మేనేజరుకి సొంత అక్క. పిచ్చికి ఇంతకంటే అనుకూలమైన చోటు దొరుకుతుందా?

"ఇదేంటి బావా?" అన్నాడు మేనేజరు నాలుగో నంబరు వచ్చిన రోజు.

"కూర ముంచుతుంది, పైన మూత వేసుకుంటుంది, కంచం దాకా వెళ్ళి వదులుతుంది. చుక్క కింద పడదు."

మేనేజరు దాన్ని ఎత్తబోయాడు. మణికట్టు వాలిపోయింది. "ఇది గరిటా, పహిల్వాన్లు ఎత్తే బరువా?"

"బరువుండాలోయ్. బరువు లేని గరిటె మాట వినదు."

ఐదో నంబరుకి దవడల్లాంటివి రెండు ఉండేవి. అది ఉడికిన గుడ్డుని ఎంత ప్రేమగా పట్టుకుందంటే, గుడ్డు ఎగిరి వరసలో నాలుగోవాడైన ఎలక్ట్రీషియను చొక్కా జేబులో పడింది. "నేల మీద పడలేదు కదా" అన్నాడు బావ నిబ్బరంగా. ఏడో నంబరుకి మణికట్టుకి కట్టుకునే పట్టీ పెట్టాడు. కట్టుకోవడం బాగానే జరిగింది, ఊడదీయడం మటుకు ఎవరివల్లా కాలేదు. పాపం అక్క దాంతోనే బస్సెక్కితే కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాడు. తొమ్మిదో నంబరుకి కాలుంది. గరిటెకి కాలేమిటని అడిగితే, "కంచం అంచు మీద నిలబడాలి కదా, అలిసిపోదూ?" అన్నాడు. కార్మికులు ఆయనకి 'గరిటెగారు' అని పేరు పెట్టేశారు. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు.

ఏ కాస్త ఒలికినా సరే, మూల బెంచీ మీంచి నోటుపుస్తకంతో పరిగెత్తుకొచ్చేవాడు. "తప్పు చేతిది కాదు, గరిటెది. రాసుకోండి మేనేజరుగారూ." కూరలో ఉప్పెక్కువైందన్నా ముందు గరిటె వంకే అనుమానంగా చూసే రకం.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, మేనేజరుకి లోపల గుబులు. ఆ క్యాంటీనులో ఒక నియమం ఉంది: నెలలో మూడుసార్లు ఒలకబోసినవాళ్ళు కౌంటరు వదిలి గిన్నెలు కడిగే గదికి వెళ్ళాలి. నియమం రాసిందీ, టైపు చేయించి గోడకి అంటించిందీ మేనేజరే. అక్కేమో పంతొమ్మిదేళ్ళుగా ఆ కౌంటరు మీదే ఉంది. ఎవరికి రసం కావాలో, ఎవరికి ముక్కలు కావాలో, ఎవరు నిన్న పన్ను పీకించుకున్నారో అన్నీ ఆవిడకి తెలుసు. గిన్నెల గదిలో పడేస్తే వారంలో మంచం పడుతుంది. ఆ నెల అప్పటికే రెండుసార్లు ఒలికింది. రెండూ గరిటె ఖాతాలోకే వెళ్ళాయి, కానీ పక్క కౌంటర్లవాళ్ళు గుసగుసలు మొదలెట్టారు.

శుక్రవారం కొత్త పెద్దసారు భోజనానికి వస్తాడని తెలిసింది. గురువారం సాయంత్రమే మేనేజరు పదో నంబరుని తన బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"రేపు నువ్వు రావద్దు బావా. నీ పిచ్చికి మా అక్క కౌంటరు పోయేట్టుంది. సొంత అక్క అని నియమం నేనే చెరిపేస్తే నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు."

బావ మొహం చిన్నబోయింది. "ఒక్క రేపటికి ఉండనీవోయ్. కావాలంటే తర్వాత నువ్వే విరిచి పారెయ్."

ఎన్నడూ దేనికీ బతిమాలని మనిషి బతిమాలితే అనుమానం రావాలి. మన మేనేజరుకి రాలేదు. నియమాలు రాసేవాళ్ళకి అలాంటివి అంత తొందరగా తట్టవు.

శుక్రవారం అక్క చేతికి తళతళలాడే మామూలు గరిటె ఇచ్చారు. పెద్దసారు కంచం చాచాడు, పక్కనే మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గరిటె గిన్నె అంచుకి టకటకా కొట్టుకుంది. అక్క భయపడుతోందేమో అనుకున్నాడు. గరిటె పైకి లేచింది, దారిలోనే వణికింది, కూర కాస్తా పెద్దసారు చొక్కా చేతి మీద పడింది. అక్క గబుక్కున ఎడం చేత్తో కుడి చేతిని పట్టుకుంది. పట్టుకున్నా అది వణుకుతూనే ఉంది.

మేనేజరు ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. చెయ్యి కుదురుగా ఉండటానికి బరువు. జారిపోకుండా పట్టీ. దారిలో ఒలకకుండా మూత. కంచం అంచు మీద ఆనించుకోవడానికి కాలు. ఏడాదిగా ఒక్కోటీ చూసి పడీపడీ నవ్వాడు. తలకొట్టేసినట్టయింది.

తలుపు దగ్గర బావ ఉన్నాడు. రావద్దంటే ఆగే మనిషా? "తప్పు చేతిది..." అని మొదలెట్టి ఆగిపోయాడు. అది తన గరిటె కాదు. ఇక దేని మీద వెయ్యాలి తప్పు?

"తప్పు చేతిది కాదు సార్, గరిటెది" అన్నాడు మేనేజరు. "ఈ మామూలు గరిటెలు మార్చాలని ఎన్నాళ్ళనించో అనుకుంటున్నాం. ఒక్క నిమిషం." బీరువా తాళం తీసి పదో నంబరు పట్టుకొచ్చి, పట్టీ తనే అక్క మణికట్టుకి కట్టాడు. అక్క తమ్ముడి మొహంలోకి ఒకసారి చూసి, వడ్డించింది. చుక్క కింద పడలేదు.

పెద్దసారు రుమాలుతో చొక్కా తుడుచుకుంటూ, అక్క పట్టీ విప్పి ఇచ్చిన ఆ వస్తువుని ఎత్తి చూశాడు. "బాగా బరువుందే."

"బరువుండాలి సార్" అన్నాడు మేనేజరు. " బరువు లేని గరిటె మాట వినదు."

భోజనాలయ్యాక మేనేజరు మూల బెంచీ మీద బావ పక్కన కూలబడ్డాడు. "ఎన్నాళ్ళయింది?"

"ఏడాది. ప్రాణానికేం భయం లేదన్నాడు డాక్టరు. వణుకు మటుకు ఉంటుందట. నీకు చెప్పొద్దంది మీ అక్క. తమ్ముణ్ణి ఇరకాటంలో పెట్టడం ఎందుకని."

"మరి ఆ గుడ్డు?"

"గుడ్డు విషయంలో మటుకు తప్పు నిజంగా గరిటెదే."

మేనేజరు నవ్వాపుకోలేకపోయాడు. "మొత్తం ఆరు కౌంటర్లకీ ఒక్కోటి చేసిపెట్టు బావా. అందరి చేతుల్లోనూ అవే ఉంటే అక్క చేతి వైపు ఎవడూ చూడడు."

బావ మొహం వెలిగిపోయింది. సంచీలోంచి ఇంకోటి తీశాడు. "అయితే పదకొండో నంబరు చూడు. దీనికి గంట కూడా పెట్టాను."

"గంటెందుకు బావా?"

"ఊరికేనోయ్. బావుంటుందని."