ఎడ్లకూ ఆదివారమే

నకరికల్లు పక్క ఊళ్ళో, సాగరు కాలవ తవ్వుతున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున యల్లమందయ్య బండి బావమరిది ఇంటికని బయల్దేరి చర్చికి చేరింది. అందులో ఆయనా, ఆయన భార్య కోటమ్మా ఉన్నారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అరిసెల డబ్బా కూడా పదిలంగానే ఉంది.

ఈ ప్రయాణానికి మూలం ఆయన పాలేరు జక్కయ్య.

పాలేరుకు సెలవనేది ఆ ఊరు ఎరగదు. ఏరువాకకు కుదిరితే మళ్ళీ ఏరువాకదాకా చాకిరీయే. జక్కయ్యకేమో ఆదివారాలు చర్చి ముందు గంటకు బదులు వేలాడే రైలుపట్టా ముక్కను తనే మోగించాలని ఉండేది. వాళ్ళ నాయన బతికినన్నాళ్ళూ చేసిన పని అది. ఈ మాట ఏటా గొంతుదాకా వచ్చి ఆగిపోయేది. కూలీలంతా కాలవ పనికి ఎగబడి, ఊళ్ళో పాలేర్లు కరువైన ఏడు మాత్రం బయటికొచ్చింది. ఆదివారం మధ్యాహ్నందాకా తనను వదిలెయ్యాలి, ఆ పూట పని మిగతా రోజుల్లో ముందే లేచి తీర్చుకుంటాడు. కాదంటే తనూ కాలవకే.

మరి ఆ పూట ఎడ్లకు మేత ఎవరు వేస్తారన్నాడు యల్లమందయ్య. జక్కయ్య అదీ ఆలోచించుకునే వచ్చాడు. వాటిని వెంట తీసుకుపోతాడు. చర్చి కంచెలో గడ్డి మోకాలెత్తున ఉంది, అక్కడ జపాలు చెప్పించే ఉపదేశి శౌరి సరేనన్నాడు. పుణ్యానికి వచ్చే పచ్చిగడ్డి ఎవరికి చేదు?

"సరేరా. ఆదివారం పొద్దున నీకూ సెలవే, నా ఎడ్లకూ సెలవే" అన్నాడు పదిమందిలో. ఎడ్లకు సెలవేందని జనం నవ్వారు. అన్న మాట తప్పే వంశం కాదు తమదని ఆయన వాళ్ళకు గుర్తుచేశాడు. ఆ గుర్తుచెయ్యడం ఆయనకు అలవాటు.

రెండేళ్ళు బాగా జరిగింది. పట్టా మోగితే గడ్డికి, మళ్ళీ మోగితే ఇంటికి. ఎడ్లు ఒంటబట్టించుకున్నాయి.

ఆ ఆదివారం బావమరిది కూతురికి తాంబూలాలు. ఎడ్లను చావిట్లోనే ఉంచి పోతూ, జపాలు కాగానే వచ్చి బండి తోలతానన్నాడు జక్కయ్య. అందాకా ఆగితే విస్తళ్ళు ఎత్తేస్తారనీ, ఎడ్లను తోలడం తనకు చేతగాదా అనీ యల్లమందయ్యే బండి కట్టాడు. సరిగ్గా దారి చీలేచోట పట్టా మోగింది. ఎడ్లు ఎడమకు తిరిగాయి. ఆయన పగ్గాలు లాగాడు, అదిలించాడు, వాటి తాతముత్తాతల్ని తలుచుకున్నాడు. అవి తిన్నగా కంచెలోకి నడిచి గడ్డిలో మూతులు పెట్టాయి.

జక్కయ్య చేతిలో సుత్తి చేతిలోనే ఉండిపోయింది. తన ఆదివారాలకు ఇక నూకలు చెల్లాయనుకున్నాడు. పరుగున పోయి ముకుతాడు పట్టుకునేలోగా శౌరి బండికి ఎదురొచ్చి, ఏం పనిమీద వచ్చారని వినయంగా అడిగాడు. సొంత ఎడ్లు తన మాట వినలేదని అంతమందిలో ఎట్లా చెప్పడం?

"ఏం లేదు శౌరీ, ఓపాలి చూసిపోదామనీ" అన్నాడు యల్లమందయ్య.

అంతే, కుర్చీ వచ్చింది. చూడవచ్చినవాడు నడిమధ్యలో లేచిపోతే బాగుండదు గనక చివరిదాకా కూర్చున్నాడు. కోటమ్మ ఆడవాళ్ళ పక్కన చాప మీద చేరి పాటలు విన్నది, ఒకదానికి తల కూడా ఊపింది. పట్టా మళ్ళీ మోగాకే ఎడ్లు తలలెత్తాయి. బావమరిది ఇంట్లో అప్పటికి విస్తళ్ళు ఎత్తేశారు.

మర్నాడు గొడ్లచావిట్లో పేడ తీస్తున్న జక్కయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు యల్లమందయ్య. ఆదివారం సెలవు పోతే కాలవకు పోవడమేనని జక్కయ్య రాత్రే అనుకున్నాడు గానీ, కుడివైపు ఎద్దు తన భుజం నాకుతుంటే ఆ అనుకున్నది నిలిచేట్టు లేదు. వసారాలో మజ్జిగ చిలుకుతున్న కోటమ్మ కవ్వం ఆపింది.

"ఏందిరా జక్కా, నా ఎడ్లు నా మాటే ఇనకుండా చేశావు. ఇంక ఈ ఆదివారాలు చాలు."

జక్కయ్య తట్ట కింద పెట్టాడు.

"మీ మాటే ఇన్నయ్యి గదయ్యా, ఆదివారం వాటికీ సెలవన్నది మీరేనాయె."